ట్యూబు గర్భం అనుమానం: ఓపీలో పైపెల్ మేలా, ఎంవీఏ మేలా?

గర్భం టెస్టు పాజిటివ్. యోని ద్వారా చేసే లోపలి స్కానింగులో మాత్రం గర్భసంచి ఖాళీ, ట్యూబుల దగ్గరా ఏమీ కనబడదు. అప్పుడు గర్భం ట్యూబులో ఉందేమోనని, గర్భసంచి నుంచి ముక్క తీసి చూస్తారు. కోరియానిక్ విల్లై (మాయగా మారే నూగు పోగులు) దొరికితే గర్భం లోపలే నిలిచి చెడిందని తేలుతుంది, ట్యూబు గర్భానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ ఇంజెక్షను తప్పుతుంది. బయాప్సీ రిపోర్టు ఆలస్యమయ్యే పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వంటి దక్షిణ ఒడిశా ఊళ్లలో ఇందుకు ఎంవీఏయే (చేతి సిరంజితో గర్భసంచిని పీల్చి ఖాళీ చేయడం) మేలు.

పైపెల్ అంటే మూడు మిల్లీమీటర్ల చిల్లర లావున్న మెత్తటి ప్లాస్టిక్ గొట్టం. లోపలి పుల్లను వెనక్కి లాగితే పీల్పు పుడుతుంది, తిప్పుతూ బయటికి తీస్తే పొర ముక్కలు వస్తాయి. మత్తు అక్కర్లేదు, ఖర్చూ తక్కువే. కానీ అది గీసేది కొద్ది మేరే. విల్లై ఇంకో గోడకు ఉంటే అందవు. కాబట్టి పైపెల్‌లో విల్లై కనబడితే నమ్మవచ్చు, కనబడకపోతే అది దేనికీ రుజువు కాదు.

ఎంవీఏలో 60 మి.లీ. సిరంజికి, ఐదారు వారాల గర్భమైతే 5 లేదా 6 మి.మీ. కాన్యులా (లోపలికి పెట్టే గొట్టం) తగిలిస్తారు. నొప్పికి ముందుగా ఐబూప్రొఫెన్, తర్వాత గర్భసంచి ద్వారం పక్కన లిగ్నోకెయిన్ మత్తు ఇంజెక్షను. కాన్యులాకు గరుకు తగిలి, గులాబీ రంగు నురగ వస్తే సంచి ఖాళీ అయినట్టు. వచ్చినదాన్ని జల్లెడలో కడిగి, గాజు పళ్లెంలో నీళ్లలో వేసి, కింది నుంచి వెలుతురు పెట్టి చూడాలి. విల్లై తెల్లటి నూగులా విచ్చుకుని తేలతాయి. డెసిడువా, అంటే గర్భసంచి లోపలి పొర, మందంగా, రేకుల్లా ఉంటుంది. ఒక్కోసారి పొరంతా సంచి ఆకారంలోనే ఊడి వస్తుంది. దాన్ని చూసి గర్భం పడిపోయిందనుకుంటే ప్రమాదం, ట్యూబు గర్భంలోనూ అలాగే ఊడుతుంది. కంటికి ఏం కనబడినా ముక్కను దానికి పదింతలుండే 10 శాతం ఫార్మలిన్‌లో వేసి బయాప్సీకి పంపాలి. సెలైన్‌లో పంపితే దారిలోనే పాడవుతుంది.

అసలు తేడా మర్నాడు బయటపడుతుంది. సంచి మొత్తం ఖాళీ చేశాం గనుక 12 నుంచి 24 గంటల్లో తీసిన రక్తంలో బీటా హెచ్‌సీజీ (గర్భం హార్మోను) అంకె సగానికి సగమో, అంతకన్నా ఎక్కువో తగ్గితే లోపలి గర్భమే చెడిందని దాదాపు చెప్పవచ్చు. అయినా నెగటివ్ అయ్యేదాకా చూస్తూనే ఉండాలి. విల్లై లేకుండా అంకె అక్కడే ఆగినా, పెరిగినా ట్యూబు గర్భం కిందే లెక్క. పైపెల్ తర్వాత ఈ లెక్క పనికిరాదు. బయాప్సీ రిపోర్టు రోజుల తరబడి ఆలస్యమయ్యే చోట ఇది చిన్న విషయం కాదు.

రక్తం మాత్రం ఒకే ల్యాబుకు పంపండి. ఒకసారి బరంపురం, ఇంకోసారి శ్రీకాకుళం అయితే కిట్లు మారి అంకెలు పోల్చలేం.

ఏ పరికరం పెట్టాలన్నా, నిలిచే గర్భం కాదని ముందు తేలాలి. బీటా హెచ్‌సీజీ మొదటి అంకె 1500 లోపుంటే, నిలిచే గర్భంలో 48 గంటల్లో కనీసం 49 శాతం పెరగడం మామూలు. బిడ్డ కావాలనుకునే తల్లికి ఒక్క అంకె చూసి చేయి పెట్టకూడదు. కడుపులో తీవ్రమైన నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, భుజం నొప్పి ఉంటే పైపెల్, ఎంవీఏ రెండూ వద్దు, నేరుగా ఆపరేషన్ థియేటరే.

తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షను మరవద్దు. మర్నాడు రక్తం ఇవ్వడానికి కొండ ఊరి నుంచి తిరిగి రాలేని మనిషిని ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచండి.