జాగ్రత్త: టెక్సాస్‌లో మసాజ్‌కి వెళ్తే ఆ మొదటి కాగితం చదవకుండా సంతకం పెట్టకండి

ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో వైపు ఉండే మనవాళ్లకు, ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని మసాజ్‌కి తీసుకెళ్లేవాళ్లకు ఈ హెచ్చరిక. ఏదైనా తేడా జరిగితే చాలామంది గూగుల్‌లో ఒక్క స్టార్ ఇచ్చి ఊరుకుంటారు. లేకపోతే "నూనె బాగాలేదు, గది చల్లగా ఉంది" అని ఫిర్యాదు రాస్తారు. వీటితో ఎవరి లైసెన్సూ కదలదు. ఏ తప్పుకు కదులుతుందో చట్టంలోనే రాసి ఉంది.

టెక్సాస్‌లో మసాజ్ థెరపిస్టులకు లైసెన్సు ఇచ్చేది, తీసేసేది టీడీఎల్ఆర్, అంటే రాష్ట్ర లైసెన్సుల శాఖ. 2017 నవంబర్ 1 నుంచి ఈ బాధ్యత దానిదే. రాష్ట్ర వృత్తుల చట్టం (ఆక్యుపేషన్స్ కోడ్) 455వ చాప్టర్ ప్రకారం అబద్ధం చెప్పి లైసెన్సు తెచ్చుకోవడం, దాన్ని అమ్ముకోవడం, కస్టమర్ ఆరోగ్యానికో భద్రతకో ముప్పు తెచ్చేలా ప్రవర్తించడం, రూల్స్ మీరడం చర్యకు కారణాలు. లైంగిక నేరంలో శిక్ష పడితే ఇక లైసెన్సే ఉండదు. మిగతావాటికి సస్పెన్షన్, రద్దు, లేదా ఒక్కో ఉల్లంఘనకు రోజుకు 5,000 డాలర్ల దాకా జరిమానా.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. మొదటి సెషన్‌కి ముందు థెరపిస్ట్ మీతో మాట్లాడి, మీ సంతకం తీసుకోవాలి. ఏ రకం మసాజ్, ఏ భాగాలు ముట్టుకుంటారు, ఏవి ముట్టుకోకూడదు, మీకున్న జబ్బులేంటి అనేవి అందులో ఉండాలి. వేరుగా ఒప్పుకుంటే తప్ప ఒంటి మీద దుప్పటి ఉంటుందనీ, ఇబ్బంది అనిపించి ఆపమంటే సెషన్ అక్కడితో ముగిస్తామనీ రాసి ఉండాలి. ఆడవాళ్లకు రొమ్ము భాగం మసాజ్ రాతపూర్వక అనుమతి లేకుండా చేయకూడదు. రిసెప్షన్‌లో ట్యాబ్ ఇచ్చి "ఇక్కడ సైన్ చేయండి" అంటే ఆగండి. ఆ అనుమతి గడిలో ముందే టిక్ పెట్టి ఉందేమో చూసి తీసేయించండి. అమ్మకి ఇంగ్లీషు రాదు కదా అని కొడుకులు గబగబా సంతకం పెట్టించేస్తుంటారు. అక్కడే దెబ్బతింటారు. సంతకం అయ్యాక ఒక ఫోటో తీసుకోండి. తర్వాత ఫిర్యాదుకు ఇంతకన్నా గట్టి ఆధారం దొరకదు.

జబ్బుల గడి ఖాళీగా వదలకండి. హైదరాబాద్ నుంచి ఇరవై గంటలకు పైగా ప్రయాణం చేసి దిగిన పెద్దవాళ్లకు ఒక్క కాలే వాచి, పిక్క వేడిగా ఉండి నొప్పి పెడుతుంటే అది లోపలి రక్తనాళంలో గడ్డకట్టిన రక్తం కావచ్చు. దాన్ని గట్టిగా పిసికితే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ప్రాణం మీదికి రావచ్చు. ముందు డాక్టరు, మసాజ్ సంగతి తర్వాత. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లకు డీప్ టిష్యూ (లోతుగా, గట్టిగా నొక్కే మసాజ్) చేస్తే ఒళ్లు కమిలిపోవచ్చు. షుగర్‌తో పాదాలు మొద్దుబారినవాళ్లకు వేడిరాళ్లు కాలినా తెలియదు. ఇవన్నీ చెప్పినా వినకుండా చేస్తే, అది భద్రతకు ముప్పు అన్న కారణం కిందికి సూటిగా వస్తుంది. "డిస్క్ నయం చేస్తాను" అని మెడ ఠక్కుమనిపించడం కూడా తప్పే. జబ్బు నిర్ధారణ, చికిత్స ఆ లైసెన్సు పరిధిలోకి రావు.

బిల్లు కూడా చూసుకోండి. చేసిన పనికే డబ్బు తీసుకోవాలన్నది రూలు. 60 నిమిషాలకు వసూలు చేసి 45 చేస్తే లోపలికి వెళ్లిన టైము, బయటికొచ్చిన టైము, రసీదు దాచుకోండి. రాసి అడిగితే ఏ డబ్బు దేనికో రాసి ఇవ్వాలి. ప్యాకేజీ డబ్బు వెనక్కి రాబట్టడానికి మాత్రం మీ కార్డు బ్యాంకును కూడా వెంటనే పట్టుకోండి.

వెళ్లే ముందు టీడీఎల్ఆర్ సైట్లో పేరు కొట్టి లైసెన్సు గడువు చూడండి. గత రెండేళ్లలో పడిన శిక్షల ఆర్డర్లు కూడా అక్కడే దొరుకుతాయి. సెంటర్‌కి వేరే లైసెన్సు, మనిషికి వేరే లైసెన్సు. గోడ మీది లైసెన్సు ఫోటోలో ఉన్న మనిషే మీ గదిలోకి రావాలి.

అసభ్యంగా ముట్టుకుంటే ముందు 911, తర్వాతే టీడీఎల్ఆర్. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో, జరిగిన రెండేళ్లలోపు పెట్టాలి. వాట్సాప్ గ్రూపుల్లో దొరికే బాలింత మసాజ్ వాళ్లకీ ఇదే చట్టం. డబ్బు తీసుకుని చేస్తే లైసెన్సు ఉండాల్సిందే. లేనివాళ్ల మీద కూడా ఫిర్యాదు పెట్టొచ్చు, జరిమానా పడుతుంది. కానీ ఊడబెరకడానికి అక్కడ లైసెన్సే ఉండదు.