ఏమీ తెలియకుండా మొదలుపెట్టి యాప్ చేయడం నేర్చుకున్నా: గూగుల్ ఉచిత కోర్సు ఎట్లా ఉందంటే

ముందే చెప్పేస్తా. ప్రోగ్రామింగ్ అంటే ఏంటో తెలియనివాళ్లు పైసా కట్టకుండా ఫోన్ యాప్ చేయడం నేర్చుకోవాలంటే గూగుల్ వాళ్ల 'ఆండ్రాయిడ్ బేసిక్స్ విత్ కంపోజ్' కోర్సు చాలు. కానీ వాళ్లిచ్చిన వరుసలోనే పోవద్దు. మీకు నిజంగా అవసరమైన యాప్ ఒకటి అనుకోండి, దానికి ఏది కావాలో అది ముందు నేర్చుకోండి. ఏడాది పైగా ఆ కోర్సునే పట్టుకుని ఉన్నాక చెబుతున్న మాట ఇది.

నేను బీకాం చదివా, తిరుపతిలో ఒక హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తా. నాకు కావలసింది పాల లెక్క. చంద్రగిరి దగ్గర ఊళ్లో మా పిన్నమ్మకు ఆవులున్నాయి, పొద్దునా సాయంత్రమూ కేంద్రంలో పాలు పోస్తుంది, ఎన్ని లీటర్లు, ఫ్యాట్ ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థం) ఎంత అని చీటీ ఇస్తారు, తీరా బిల్లు వచ్చేసరికి ఆ చీటీల్లో సగం కనబడవు. ఇవన్నీ ఫోన్‌లో రాసిపెట్టుకుని బిల్లుతో సరిచూసుకోవాలి, అంతే.

మొదట ఇక్కడే ఒక కోచింగ్ సెంటర్‌లో అడిగా. జావా భాష, తర్వాత స్క్రీన్లు విడిగా రాసే ఎక్స్‌ఎంఎల్, ఆ తర్వాత యాప్ అన్నారు, ఫీజు కూడా గట్టిగానే చెప్పారు. ఆండ్రాయిడ్‌కు కాట్లిన్ భాషకే మొదటి చోటు అని గూగుల్ 2019లోనే చెప్పింది, స్క్రీన్లు నేరుగా కాట్లిన్‌లోనే రాసుకునే జెట్‌ప్యాక్ కంపోజ్ 2021లో వచ్చేసింది. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పాతదారిలో ఎందుకు పోవాలి? పాత యాప్‌లు చూసుకునే ఉద్యోగం కావాలంటే అది వేరే సంగతి.

కోర్సులో మొదటి యూనిట్ సులువుగా నడిచిపోతుంది. బ్రౌజర్‌లోనే నాలుగు లైన్ల కాట్లిన్ రాయిస్తారు, పుట్టినరోజు గ్రీటింగ్ కార్డు చేయిస్తారు. ఇంగ్లిష్ తేలికగానే ఉంటుంది, తెలుగు మీడియం వాళ్లు కూడా నిదానంగా చదివితే అర్థమవుతుంది. అసలు కష్టం రెండో యూనిట్‌లో పాచిక యాప్ దగ్గర మొదలవుతుంది. అక్కడ 'స్టేట్', అంటే యాప్ నడుస్తుండగా మారే విలువ, అనే సంగతి వస్తుంది, నాకు తెలిసి చాలామంది ఆగిపోయేది ఇక్కడే. బటన్ నొక్కితే అంకె పెరగాలని మామూలు వేరియబుల్ (విలువను దాచుకునే పేరు) పెట్టి రాస్తాం. నొక్కితే లోపల అంకె పెరుగుతుంది గానీ స్క్రీన్ మీద సున్నా సున్నాగానే ఉంటుంది. ఎందుకంటే కంపోజ్ ప్రతి వేరియబుల్‌నూ గమనిస్తూ కూర్చోదు. 'మ్యూటబుల్ స్టేట్ ఆఫ్' లాంటివాటిలో పెట్టినదాన్ని మాత్రమే గమనిస్తుంది, అది మారితే ఆ భాగాన్ని మళ్లీ గీస్తుంది, గీసేటప్పుడు పాత విలువ పోకుండా 'రిమెంబర్' కాపాడుతుంది. ఈ ఒక్క ముక్క వంటబట్టేదాకా ముందుకు పోవద్దని గట్టిగా చెబుతా, వారం పట్టినా సరే. ఇది అర్థమైతే తర్వాతి పాఠాలు చదువుకుంటూ పోవచ్చు.

రిమెంబర్ ఒక్కటే చాలదని మా పిన్నమ్మ చేతిలో ఫోన్ పెట్టాక తెలిసింది. లీటర్లు నొక్కి, ఫ్యాట్ నొక్కబోతూ ఫోన్‌ను కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకునేసరికి స్క్రీన్ అడ్డం తిరిగింది. "ఇప్పుడే కదరా నొక్కినా, అంకె యాడికి పోయింది?" అనింది. ఫోన్ తిరిగితే ఆండ్రాయిడ్ ఆ స్క్రీన్‌ను మొత్తంగా తీసేసి మళ్లీ కడుతుంది, 'రిమెంబర్ సేవబుల్' వాడితేనో, వ్యూమోడల్‌లో (స్క్రీన్ మళ్లీ కట్టినా డేటాను పట్టుకుని ఉండే భాగం) పెడితేనో విలువ నిలుస్తుంది. నాలుగో యూనిట్‌లో డెజర్ట్ క్లిక్కర్ అనే యాప్‌తో ఇదే చూపిస్తారు, ఆ పాఠం చాలా బాగుంది.

నాకు నచ్చనిది వరుస. ఐదో యూనిట్ అంతా ఇంటర్నెట్ నుంచి డేటా తేవడం, ఫోన్‌లోనే దాచిపెట్టుకునే రూమ్ డేటాబేస్ ఆరో యూనిట్‌లో గానీ రాదు. మన ఊళ్లలో పనికొచ్చే యాప్ అంటే సిగ్నల్ లేకపోయినా రాసుకోగలిగేదే, అందుకని ఐదులో కోరుటీన్లు (స్క్రీన్ ఆగకుండా వెనక పని నడిపేవి), రిపాజిటరీ (డేటా తెచ్చిచ్చే భాగం) పాఠాలు మాత్రం చూసుకుని నేరుగా ఆరుకు పోండి. అక్కడ ఇన్వెంటరీ యాప్ చేయిస్తారు, వస్తువు పేరు, ధర, ఎన్ని ఉన్నాయి అని. పాల లెక్కకైనా, కొట్టు లెక్కకైనా చాలావరకు అదే సరిపోతుంది. ఒక్కటి మాత్రం మార్చుకోండి. అందులో ధరను 'డబుల్'గా, అంటే దశాంశ సంఖ్యగా పెడతారు, లెక్కలు రాసేవాడిగా నేను దానికి ఒప్పుకోను. కాట్లిన్‌లో 0.1కి 0.2 కలిపి చూడండి, 0.30000000000000004 వస్తుంది. రూపాయల్ని పైసల్లో, లీటర్లను మిల్లీలీటర్లలో పూర్ణసంఖ్యలుగా దాచి, చూపించేటప్పుడు మార్చుకుంటే ఇలాంటి తేడాలు రావు.

తెలుగులో యాప్ చేసేవాళ్లకు కోర్సులో లేని సంగతి ఇంకొకటి. మాటలన్నీ 'వాల్యూస్-టీఈ' ఫోల్డర్‌లో పెడితే తెలుగు ఫోన్‌లో తెలుగే వస్తుంది, అంతవరకు హాయి. కానీ పెట్టెకు ఎత్తు ఇంత అని బిగించేస్తే కింద వత్తులు తెగిపోతాయి, పెద్దవాళ్లు అక్షరాల సైజు పెంచుకుని ఉంటారు కాబట్టి ఇంకా ఎక్కువ తెగుతాయి. ఎత్తు వదిలేయండి, దానంతట అదే సర్దుకుంటుంది.

ప్లే స్టోర్‌లో పెట్టాలంటే ఒక్కసారి 25 డాలర్లు కట్టాలి, 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే కనీసం 12 మందితో వరుసగా 14 రోజులు టెస్ట్ చేయించాలి. ఇంట్లో వాడుకునే యాప్‌కు ఆ టెన్షన్ అక్కర్లేదు, ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్ చేసే) ఫైల్ పంపి ఇన్‌స్టాల్ చేస్తే సరి.

ఇక లాప్‌టాప్. 8 జీబీ ర్యామ్‌తో యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియో నడుస్తుంది గానీ పక్కన ఎమ్యులేటర్ (లాప్‌టాప్‌లోనే నడిచే నకిలీ ఫోన్) కూడా తెరిస్తే కష్టం. అలాంటివాళ్లు ఎమ్యులేటర్ జోలికి పోకుండా ఫోన్ సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కి, డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసుకుని సొంత ఫోన్ మీదే చూసుకోండి. కొత్తగా కొనేవాళ్లయితే 16 జీబీది చూసి కొనండి.