ఓబీఎస్ స్టూడియో: ఊరి టోర్నీ లైవ్‌లో పని నేర్చుకునేవాళ్లకు పనికొస్తుందా?

స్పోర్ట్స్ చానల్లో చేరాలనుకునే కుర్రాళ్లలో చాలామందికి మైకు మీదే కన్ను. కెమెరాలు మార్చేవాళ్లు, స్కోరు వేసేవాళ్లు, రీప్లే తీసేవాళ్లు మాత్రం సంక్రాంతి కబడ్డీ దగ్గర్నుంచి కాలేజీ మీట్ దాకా ఎక్కడా సరిపడా దొరకరు. జీతం లేకున్నా అక్కడ చెయ్యి తిప్పుకోవాలనుకుంటే పట్టాల్సింది కంప్యూటర్ నుంచి లైవ్ వీడియో పంపే, రికార్డు చేసే ఈ ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌నే. 2012 నుంచి ఉంది. ఓపెన్ సోర్స్, పైసా కట్టక్కర్లేదు, వీడియో మీద తన ముద్ర వేయదు.

స్టూడియో మోడ్ పెడితే ఎడమన ప్రివ్యూ, కుడిన ప్రోగ్రామ్ (అంటే జనానికి లైవ్‌లో వెళ్తున్న బొమ్మ) వస్తాయి. తర్వాతి షాట్ ఎడమన సిద్ధం చేసుకుని ట్రాన్సిషన్ నొక్కితే లైవ్‌లోకి వెళ్తుంది. చానల్ పీసీఆర్ (ప్రొడక్షన్ కంట్రోల్ రూమ్)లో కెమెరాలు మార్చే స్విచర్ ముందు కూర్చున్నా లెక్క ఇదే. స్కోరుకు టెక్స్ట్ సోర్స్‌లో (తెర మీద అక్షరాలు వేసేది) ‘రీడ్ ఫ్రమ్ ఫైల్’ టిక్ చేసి, నోట్‌ప్యాడ్ ఫైలు చూపిస్తే చాలు. అంకె మార్చి సేవ్ కొట్టగానే తెర మీద మారుతుంది. జట్ల పేర్లు తెలుగులో ఉంటే ఫైలు యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాలు చెడకుండా ఉంచే ఎన్‌కోడింగ్) సేవ్ అవ్వాలి.

రీప్లే దగ్గరే అసలు పరీక్ష. అవుట్‌పుట్ సెట్టింగ్స్‌లో రీప్లే బఫర్ (చివరి కొన్ని సెకన్ల వీడియోను ఎప్పటికప్పుడు దాచిపెట్టేది) ఆన్ చేసి, 20 సెకన్లున్నదాన్ని 8కి తగ్గించండి. టూల్స్‌లో స్క్రిప్ట్స్ తెరిస్తే ఓబీఎస్‌తోపాటే వచ్చే ‘ఇన్‌స్టంట్ రీప్లే’ స్క్రిప్ట్ దొరుకుతుంది. దానికి ఒక మీడియా సోర్స్ (వీడియో ఫైలు ప్లే చేసేది) చూపించి, హాట్‌కీ (షార్ట్‌కట్ మీట) ఇస్తే ఒక్క నొక్కుతో సేవూ అవుతుంది, ప్లేకూ సిద్ధమవుతుంది. మీడియా సోర్స్ స్పీడ్ 50 శాతం పెడితే స్లో మోషన్. కానీ 8 సెకన్లు కాస్తా 16 అవుతాయి. కబడ్డీలో ఒక రెయిడ్ అయ్యాక 5 సెకన్లలో అవతలి రెయిడర్ బయల్దేరాలి. అంటే ఫుల్ స్క్రీన్ రీప్లే వేస్తే తర్వాతి రెయిడ్ మింగేసినట్టే. టైమ్ అవుట్ దాకా ఆగండి, లేదా మూల చిన్న పెట్టెలో వేయండి. ఇంకో చిక్కు: బఫర్ దాచేది ప్రోగ్రామ్‌లో వెళ్లిన బొమ్మనే. రెండో కెమెరా యాంగిల్ కావాలంటే దీంతో కాదు. సెట్టింగ్స్‌లో ఆన్ చేస్తే సరిపోదు, బఫర్‌ను స్టార్ట్ కూడా చేయాలి. జనరల్‌లో ‘స్ట్రీమింగ్‌తోపాటే స్టార్ట్’ టిక్ పెట్టేస్తే ఆ గొడవ ఉండదు.

బొమ్మ ఆగిందంటే అందరూ నెట్‌ను తిడతారు. ముందు ఓబీఎస్‌లో ఈ లెక్కలు చూపించే స్టాట్స్ డాక్ చూడండి. ‘డ్రాప్డ్ ఫ్రేమ్స్’ పెరిగితే నెట్, ‘ఎన్‌కోడింగ్ ల్యాగ్’ పెరిగితే ప్రాసెసర్, ‘రెండరింగ్ ల్యాగ్’ పెరిగితే గ్రాఫిక్స్ మీద భారం. మందు మూడింటికీ వేరు. నెట్ అయితే బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) తగ్గించాలి. పొద్దున ఖాళీ గ్రౌండ్‌లో తీసిన స్పీడ్ టెస్ట్ లెక్కలోకి రాదు, రాత్రి జనం చేరాక అదే టవర్ మీద అందరి ఫోన్లూ పడతాయి. అప్పుడు అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్ వస్తే సగమే వాడండి: 720పీ, 30 ఫ్రేములు, 2500 కేబీపీఎస్, కీఫ్రేమ్ (పూర్తి బొమ్మ పంపే విరామం) 2 సెకన్లు. రికార్డింగ్ ఎంకేవీ ఫార్మాట్‌లోనే పెట్టండి. జనరేటర్ ఆగి ల్యాప్‌టాప్ పోతే మామూలు ఎంపీ4 ఫైలు తెరుచుకోకపోవచ్చు, ఎంకేవీలో అంతవరకు రికార్డైంది దక్కుతుంది. తర్వాత దాన్ని రీమక్స్ చేసి, అంటే వీడియో మారకుండా ఎంపీ4లోకి మార్చుకోవచ్చు.

సౌండ్ విషయంలో ఓబీఎస్ చేయందించేది తక్కువ. మైక్ మ్యూట్‌లో ఉంటే మిక్సర్‌లో చిన్న ఎర్ర గుర్తు తప్ప హెచ్చరిక ఉండదు, కాబట్టి ఒక చెవికి హెడ్‌ఫోన్ తప్పనిసరి. చుట్టూ ఉన్న రొద తగ్గించే నాయిస్ సప్రెషన్ ఫిల్టర్ కామెంటరీ మైకుకే వేయండి. జనం మైకుకు వేస్తే ఈలలు, అరుపులు కూడా మాయం. డీజే పాటలు మైకులో పడితే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది, దానికి ఏ ఫిల్టరూ లేదు. కొత్త యూట్యూబ్ చానల్‌కు లైవ్ అనుమతి రావడానికి 24 గంటల దాకా పట్టవచ్చు. టాస్ వేసే రోజు తెరిచి కూర్చుంటే పని కాదు.

ఉద్యోగానికి వెళ్లేటప్పుడు సర్టిఫికెట్ కన్నా ఆ రికార్డింగ్ లింకే చూపించదగ్గది, మీరు ఏ సీట్లో కూర్చున్నారో రాసి మరీ. ఒక్క ఫోన్‌తో, స్కోరు పట్టీ మాత్రమే వేసే లైవ్‌కైతే ఇంత సరంజామా అనవసరం, ఫోన్ యాప్ చాలు.