మనీ ట్రాన్స్‌ఫర్ కౌంటర్‌లో దొంగ డబ్బును ఆపేది ఏది: లిమిటా, సాఫ్ట్‌వేరా, మనిషా?

జగిత్యాల, నిజామాబాద్, కడప లాంటి ఊళ్లలో గల్ఫ్ డబ్బు అందించే షాపుల గురించి తెలియనివాళ్లు తక్కువ. దుబాయ్‌లోనో కువైట్‌లోనో కొడుకు డబ్బు కడతాడు, ఇక్కడ తల్లి రిఫరెన్స్ నంబర్, ఆధార్ చూపించి తీసుకుంటుంది. ఈ షాపులకు వచ్చేది చాలావరకు చెమటోడ్చి సంపాదించిన డబ్బే. కానీ మోసం చేసి కొట్టేసిన డబ్బు, లెక్కలు చెప్పలేని డబ్బు కూడా ఇదే దారిని వెతుక్కుంటాయి. వాటిని ఆపడానికి షాపు యజమాని దేన్ని ఎక్కువగా నమ్ముకోవాలి? మొత్తాల మీద లిమిట్లనా, అలర్టులిచ్చే సాఫ్ట్‌వేర్‌నా, కౌంటర్‌లో కూర్చున్న మనిషినా? మూడూ ఉండాల్సిందే, అందులో వాదన లేదు. ఉన్న కొద్దిపాటి డబ్బు, సమయం ముందు దేని మీద పెట్టాలన్నదే అసలు ప్రశ్న.

లిమిట్ల సంగతి త్వరగా తేలిపోతుంది. విదేశాల నుంచి ఇలా వచ్చే డబ్బుకు రిజర్వ్ బ్యాంక్ ఎంటీఎస్ఎస్ (మనీ ట్రాన్స్‌ఫర్ సర్వీస్ స్కీమ్) పథకంలో గీతలు గీసింది. ఒక్కో లావాదేవీ 2,500 డాలర్లు దాటకూడదు. ఒకే వ్యక్తి ఏడాదిలో 30 సార్లకు మించి అందుకోకూడదు. చేతికి నగదు రూ.50,000 వరకే, ఆపైన ఉంటే చెక్కు ఇవ్వాలి లేదా బ్యాంకు ఖాతాలో వేయాలి. వ్యాపార చెల్లింపులకు, ఆస్తుల కొనుగోలుకు, ట్రస్టులకిచ్చే విరాళాలకు ఈ దారి వాడకూడదు.

లిమిట్‌తో ఉన్న సుఖం ఏమిటంటే దానికి మొహమాటం ఉండదు. నిన్న చేరిన కుర్రాడైనా అమలు చేయగలడు. ఊళ్లో పలుకుబడి ఉన్న మనిషి వచ్చి ఒత్తిడి చేసినా, "సిస్టమ్ తీసుకోవట్లేదన్నా" అని చెప్పి ఊరుకోవచ్చు. అయితే గీత ఎక్కడుందో అందరికీ తెలుసు. తప్పుడు డబ్బు తెచ్చేవాడికి ఇంకా బాగా తెలుసు. రూ.50,000 దగ్గర గీత ఉంటే వాడు రూ.48,000 చొప్పున నలుగురి పేర్ల మీద తెప్పించుకుంటాడు. మన చట్టం కూడా మొత్తాన్ని ఒక్కటే చూసి ఊరుకోలేదు. రూ.10 లక్షలు దాటిన నగదు లావాదేవీలకు ఒక రిపోర్టు ఉంది. అనుమానాస్పద లావాదేవీల రిపోర్టుకు మాత్రం కనీస మొత్తమంటూ లేదు. అయిదు వేలైనా సరే, అనుమానం బలంగా ఉంటే ఇలాంటి రిపోర్టులు అందుకునే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎఫ్ఐయూ-ఇండియాకు చేరాల్సిందే.

సాఫ్ట్‌వేర్ బలం వేరు. ఒకే ఫోన్ నంబర్‌తో మెట్‌పల్లిలో ఒకరు, కోరుట్లలో ఇంకొకరు అదే రోజు డబ్బు తీసుకుంటే ఆ ఇద్దరు కౌంటర్ మనుషులకూ అది కనబడదు. పదుల సంఖ్యలో సబ్ ఏజెంట్లు (కంపెనీ తరఫున ఊళ్లలో కౌంటర్లు నడిపేవాళ్లు) ఉన్న కంపెనీకి ఈ చూపు తప్పనిసరి. దేశంలోపల నగదు పంపే షాపుల విషయంలో రిజర్వ్ బ్యాంక్ 2024 నవంబరు 1 నుంచి అమలు చేసిన మార్పులూ ఇందుకు పనికొస్తాయి. డబ్బు కట్టేవాళ్లను ధ్రువీకరించిన మొబైల్ నంబర్‌తో, గుర్తింపు పత్రంతో నమోదు చేయాలి. ప్రతి లావాదేవీకీ ఓటీపీ లాంటి అదనపు ధ్రువీకరణ ఉండాలి. ఇది నగదుగా కట్టిన డబ్బు అని తెలిపే గుర్తు కూడా బ్యాంకు మెసేజ్‌లో వెళ్లాలి. పంపినవాళ్లెవరో తెలియకుండా డబ్బు ఖాతాల వెంట పరుగెత్తే పరిస్థితి దీనివల్ల తగ్గుతుంది.

కానీ సాఫ్ట్‌వేర్ మన పేర్ల దగ్గర తడబడుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, గల్ఫ్ ఐడీలో అసలు ఉండదు. శ్రీనివాస్ పేరుకు ఇంగ్లిష్‌లో ఎన్ని స్పెల్లింగులో! ఐక్యరాజ్యసమితి ఆంక్షల జాబితాతో పోల్చేటప్పుడు మహమ్మద్ అన్న పేరున్న ప్రతి మనిషీ అలర్ట్‌లో పడే ప్రమాదం ఉంది. నెలంతా ఎండలో పనిచేసి పంపిన జీతం ఒక పేరు పోలిక వల్ల ఆగిపోతే ఆ ఇంట్లో ఎంత టెన్షనో ఆలోచించండి. పుట్టిన తేదీ, తండ్రి పేరు, పాస్‌పోర్టు నంబర్ మొదటిసారే సరిగ్గా ఎక్కిస్తే ఇలాంటివి చాలావరకు నిమిషాల్లో తేలిపోతాయి. ఎక్కించాల్సింది మళ్లీ కౌంటర్‌లో ఉన్న మనిషే. ఇంకో చిక్కు, అలర్టులు గుట్టలుగా పడితే చూసేవాళ్లు చదవడం మానేసి "తెలిసిన కస్టమర్" అని కొట్టి మూసేస్తారు. అప్పుడు నిజమైన అలర్టు కూడా అందులోనే కొట్టుకుపోతుంది.

ఇక మనిషి. నా ఓటు ఇటే. ఫోన్ చెవి దగ్గర నుంచి తీయకుండా, అవతలివాడు చెప్పిన ఖాతా నంబర్లు వణుకుతూ చెబుతున్న పెద్దాయనను చూస్తే ఏదో తేడాగా ఉందని కౌంటర్‌లో మనిషికి తెలుస్తుంది. ఆ మొత్తం ఏ లిమిట్‌నూ దాటకపోవచ్చు, సాఫ్ట్‌వేర్‌కు అది మామూలు లావాదేవీలానే కనబడవచ్చు. "ఆ ఫోన్ పెట్టేయండి బాబాయ్, ఎవరికి పంపుతున్నారు?" అని ఒక్క మాట అడిగితే డిజిటల్ అరెస్ట్ మోసం (పోలీసులమని ఫోన్‌లో బెదిరించి డబ్బు గుంజడం) అక్కడే ఆగిపోవచ్చు. అప్పటికే డబ్బు వెళ్లిపోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించవచ్చు. అలాగే, పంపిన మనిషి మీకేమవుతాడని అడిగితే పక్కవాడి ముఖం చూసే కుర్రాణ్ని మెషీన్ ఎలా పట్టుకుంటుంది?

అయితే మనిషిని నమ్మడమంటే కళ్లు మూసుకుని నమ్మడం కాదు. ఈ వ్యాపారంలో అతిపెద్ద దెబ్బల్లో ఒకటి ఏజెంట్ల వల్లే తగిలింది. 2017 జనవరిలో మనీ ట్రాన్స్‌ఫర్ కంపెనీ వెస్టర్న్ యూనియన్ అమెరికా ప్రభుత్వంతో 58.6 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకుంది. మోసగాళ్లతో చేతులు కలిపిన ఏజెంట్లున్నారని తెలిసీ గట్టి చర్య తీసుకోలేదన్నది ఆ కేసులో ప్రధానమైన విషయం. అమెరికా నుంచి చైనాకు వెళ్లే డబ్బును రిపోర్టుల్లో పడకుండా ముక్కలు చేయడంలోనూ కొందరు ఏజెంట్ల చేయి ఉంది. వేలకొద్దీ ఏజెంట్లున్న అంత పెద్ద కంపెనీకే ఈ గతి పట్టింది.

అందుకే నేనైతే ముందు కమిషన్ లెక్క మార్చమంటాను. ఎన్ని లావాదేవీలు చేస్తే అంత డబ్బు అన్నప్పుడు ప్రశ్న అడిగేవాడు నష్టపోతాడు, అడగనివాడు లాభపడతాడు. కౌంటర్ మనిషికి స్థిరమైన జీతం ఇచ్చి, అనుమానంతో ఆపిన లావాదేవీకి మాట పడనివ్వకుండా చూస్తే, ఖరీదైన సాఫ్ట్‌వేర్ కన్నా ఎక్కువ ఫలితం ఉంటుంది. ఒకటి రెండు కౌంటర్లున్న షాపుకు ఇదే మేలు. సబ్ ఏజెంట్లు చాలామంది ఉంటే సాఫ్ట్‌వేర్ కొనక తప్పదు. కొన్నా, సబ్ ఏజెంట్ల దగ్గరికి చెప్పకుండా వెళ్లి చూసివచ్చే ఒక మనిషిని కూడా పెట్టుకోవాలి.

కౌంటర్‌లో పనిచేసేవాళ్లకు భయమూ సహజమే. ఊళ్లో రోజూ ఎదురుపడే మనిషి మీద ఎలా రాసేది అంటారు. రాయాల్సింది ఎఫ్ఐయూకి రిపోర్టులు పంపే బాధ్యతున్న కంపెనీ ప్రిన్సిపల్ ఆఫీసర్‌కు, పోలీసులకు కాదు. రిపోర్టు వెళ్లిన సంగతి కస్టమర్‌కు చెప్పడమే నిషేధం. చట్టం ప్రకారం ఎఫ్ఐయూకి ఇచ్చిన సమాచారం విషయంలో సంస్థకు, దాని ఉద్యోగులకు మనీ లాండరింగ్ నిరోధక చట్టంలోని 14వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ఈ మూడు మాటలు మొదటి రోజే చెప్పాలి, ఏడాదికోసారి ట్రైనింగ్‌లో కాదు.

ప్రిన్సిపల్ ఆఫీసర్‌కు పంపే నోట్‌లో "అనుమానంగా ఉంది" అని రాసి వదిలేస్తే పైవాళ్లకు ఏమీ అర్థం కాదు. ఎవరు వచ్చారు, వెంట ఎవరున్నారు, ఏం అడిగాం, ఏం చెప్పారు అని నాలుగు ముక్కలు రాయాలి. ఐడీ అడగగానే "మళ్లీ వస్తా" అని వెళ్లిపోయిన మనిషి గురించి కూడా రాయాలి, ఎందుకంటే పూర్తికాని ప్రయత్నం కూడా అనుమానాస్పద లావాదేవీ కిందికే వస్తుంది.