ఎంజీబీ మలుపుల్లో తూలుతుంటే: లివర్ షాక్ అబ్సార్బర్లు మేలా, టెలిస్కోపిక్ మేలా?

పాతకాలపు బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ యజమానులు నలుగురు కలిస్తే ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. కారు గతుకులకు ఊగిపోతోంది, మలుపులో పక్కకు ఒరుగుతోంది. నూనె దిమ్మకు చెయ్యిలాంటి లివరు ఉండే పాత లివర్ షాక్ అబ్సార్బర్లను బాగు చేయించుకోవడం మేలా, వాటిని పక్కన పెట్టి గొట్టంలోకి కడ్డీ జారే టెలిస్కోపిక్‌వి బిగించుకోవడం మేలా? ప్రశ్న సబబైనదే గానీ, చాలాసార్లు అడగవలసిన వేళ కంటే ముందే అడుగుతాము. ఇంగ్లండులోని యాబింగ్డన్‌లో 1962 నుంచి 1980 వరకు తయారైన ఈ కారులో షాక్ అబ్సార్బరు మోసే నిందల్లో చాలా వాటికి అసలు దోషులు వేరే ఉంటారు. ఈ సంగతి నేను డబ్బు పోసి నేర్చుకున్నాను. గంటకు 55 మైళ్ల దగ్గర స్టీరింగు వణుకుతోందని నా 1972 నాటి రోడ్‌స్టర్‌ను (పైకప్పు తెరుచుకునే ఎంజీబీ) ఒక గ్యారేజీకి తీసుకెళితే, అక్కడివారు ముందు వైపు టెలిస్కోపిక్ కిట్టు బిగించి పంపారు. వణుకు మాత్రం నాతోపాటే ఇంటికి వచ్చింది.

అలా ఎందుకు జరిగిందో తెలియాలంటే ముందు చక్రం వెనక ఉన్న అమరికను చూడాలి. కింద విష్‌బోన్ (చక్రాన్ని కారుకు కలిపే వీ ఆకారపు చెయ్యి), దాని మీద కాయిల్ స్ప్రింగు, బయటి వైపు నిలువుగా కింగ్‌పిన్ (స్టీరింగు తిప్పినప్పుడు చక్రం ఏ పిన్ను చుట్టూ తిరుగుతుందో అది) ఉంటాయి. పైన విష్‌బోన్ అంటూ విడిగా ఏదీ లేదు. షాక్ అబ్సార్బరు చేతులే ఆ పని చేస్తాయి. అంటే ఆ షాక్ అబ్సార్బరు దిమ్మ రెండు కొలువులు చేస్తోంది: లోపలి నూనెతో ఊపును అణచడం ఒకటి, చక్రం నిటారుగా నిలిచేలా పైనుంచి పట్టుకోవడం మరొకటి. ముందు వైపుకు దొరికే టెలిస్కోపిక్ కిట్లలో చాలావరకు మొదటి కొలువును మాత్రమే కొత్త షాక్‌కు అప్పగించి, పాత దిమ్మలోని వాల్వు తీసేసి, దాని చేతులను పై లింకుగా అక్కడే ఉంచేస్తాయి. ఆ చేతులు తిరిగే షాఫ్టు దగ్గర బేరింగు అరిగి ఉంటే, పక్కన ఎంత మంచి షాక్ బిగించినా ఆ వదులు ఎక్కడికీ పోదు. పై చేతుల స్థానంలో సరికొత్త విష్‌బోన్ ఇచ్చే ఖరీదైన కిట్ల సంగతి వేరు.

కాబట్టి పానా పట్టే ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి. టైర్లతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే ఇలాంటి కార్లు ఏడాదికి నాలుగు రోజులే తిరుగుతాయి కనుక టైరు మీది గాడులు నిండుగా ఉండగానే రబ్బరు గట్టిపడిపోతుంది. టైరు పక్కన ఉన్న నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. తరువాత కింగ్‌పిన్. కింది విష్‌బోన్ కింద జాకీ పెట్టి చక్రాన్ని నేల నుంచి లేపి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి లోపలికీ బయటికీ ఊపాలి. మా గ్యారేజీలో ఆ సాయంత్రం చక్రం టకటకమని ఆడింది. మా ఆవిడను సీట్లో కూర్చోబెట్టి బ్రేకు తొక్కి పట్టుకోమన్నాను. అయినా ఆట తగ్గలేదు. బ్రేకు తొక్కగానే ఆట మాయమైతే తప్పు చక్రం బేరింగుది, తొక్కినా మిగిలితే కింగ్‌పిన్‌ది. టార్చి వేసి చూస్తే స్టబ్ యాక్సిల్ (చక్రాన్ని మోసే పొట్టి ఇరుసు) ఊగుతోంది, దాని మధ్యలోని పిన్ను మాత్రం కదలడం లేదు. కొత్త షాక్‌లకు పోసిన డబ్బు వృథా అని అర్థం కావడానికి ఇంకే సాక్ష్యమూ అక్కరలేకపోయింది.

ఇక్కడ అరుగుదలకు కారణం సాధారణంగా గ్రీజు అందకపోవడమే. ఒక్కో వైపు మూడు గ్రీజు నిపుల్స్ (గ్రీజు గన్ను తగిలించే చోట్లు) ఉంటాయి, ప్రతి 3,000 మైళ్లకు గ్రీజు పట్టించాలన్నది పాత లెక్క. చక్రాలు నేల మీద ఉండగా గన్ను నొక్కితే బరువు పడిన వైపుకు గ్రీజు చేరదు, చక్రాలను గాలిలోకి లేపి పట్టించాలి. కంప్యూటర్ అలైన్‌మెంటు చేయించుకుంటే చాలదా అని అడిగేవారు కూడా ఉంటారు. అయితే ఈ కారులో కర్మాగారం మనకు వదిలిన సర్దుబాటు టో-ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు కాస్త లోపలికి తిరిగి ఉండడం) ఒక్కటే, అది అంగుళంలో పదహారో వంతు నుంచి 3/32 వంతు వరకు. క్యాంబరు (చక్రం పక్కకు ఒరిగే కోణం), 7 డిగ్రీల క్యాస్టరు (కింగ్‌పిన్ వెనక్కి ఒరిగే కోణం) అమరికలోనే స్థిరపడి ఉంటాయి. అందువల్ల రెండు పక్కలా క్యాంబరు తేడాగా ఉందని యంత్రం చూపిస్తే ఏదో అరిగిందో వంగిందో అని అర్థం చేసుకోవాలి. ఆ మేరకు యంత్రం మేలే, కానీ ఏది అరిగిందో చెప్పేది చేత్తో ఊపిన చక్రమే.

వెనక వైపు పరీక్ష కొంచెం మోసపూరితం. వెనక మడ్‌గార్డు మూలను నొక్కి వదిలితే ఒకసారి లేచి కుదురుకోవాలని అందరూ చెబుతారు. కానీ వెనక ఉన్నవి కమాన్‌కట్టలు. పట్టీల మధ్య తుప్పు పట్టి ఒకదానినొకటి బిగుసుకుని ఉంటే, నూనె చుక్క లేని షాక్ కూడా ఆ పరీక్షలో నెగ్గుతుంది. అంబాసిడర్ వెనక సీట్లో పెరిగిన మన తరానికి కమాన్‌కట్టల స్వభావం కొత్తగా చెప్పనక్కరలేదు. యాక్సిలరేటరు వదిలినప్పుడు ఒక వైపుకు, తొక్కినప్పుడు మరో వైపుకు కారు వెనక భాగం జరిగినట్టు అనిపిస్తే, కమాన్‌కట్టల ముందు చివర బుష్‌లను (కీలులో ఒదిగే రబ్బరు తొడుగులను), కట్టలను ఇరుసుకు పట్టి ఉంచే యూ-బోల్టులను చూడాలి. కదలగానే ఠంగుమంటే డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్లు) లోపలి థ్రస్ట్ వాషర్లు కావచ్చు, తీగ చక్రాలను హబ్బు మీద పట్టి ఉంచే పళ్లు, అంటే స్ప్లైన్లు, కావచ్చు. బ్రేకు తొక్కి పట్టించి చక్రాన్ని ముందుకూ వెనక్కూ తిప్పితే, హబ్బు మీద చక్రం జరిగితే అరిగింది స్ప్లైన్లే.

ఇన్ని దాటాక కూడా నేరం షాక్‌దేనని తేలితే, అప్పుడు అసలు పోలిక. రోడ్డు మీద మామూలుగా తిరిగే కారుకు ముందు వైపు సక్రమంగా పునర్నిర్మించిన లివర్ షాక్‌లే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అవి రెండు కొలువులనూ ఒకేసారి సరిచేస్తాయి. అయితే సక్రమంగా అన్న మాటలోనే చిక్కుంది. పైపైన రంగు వేసి, నూనె నింపి అమ్మేవీ ఉంటాయి. కొనేముందు చేతిని ఆ చివరి నుంచి ఈ చివరి వరకు నెమ్మదిగా తిప్పి చూడండి. మధ్యలో ఎక్కడైనా తేలికగా జారితే లోపల గాలైనా ఉంది, నూనైనా తక్కువైంది; షాఫ్టు పక్కకు ఆడితే బేరింగు మార్చలేదని అర్థం. టెలిస్కోపిక్‌కు నిజమైన బలం రెండు చోట్ల ఉంది. లివర్ దిమ్మలో నూనె కొద్దిగానే ఉంటుంది కనుక ట్రాక్ మీద ఎడతెగకుండా తోలితే అది వేడెక్కి పలచబడుతుంది, అక్కడ టెలిస్కోపిక్ నిలబడుతుంది. పైగా కొన్నింటిలో గట్టిదనాన్ని మార్చుకునే వీలుంది.

బుష్‌ల విషయంలో నాకు సందేహం లేదు. కింది విష్‌బోన్ లోపలి చివర మామూలు రబ్బరు ముక్కలు త్వరగా నలిగిపోతాయి, పాలియూరెథేన్ గట్టిగా నిలుస్తుంది గానీ పొడిగా బిగిస్తే కీచుమంటుంది, ప్రతి గతుకునూ స్టీరింగుకు చేరవేస్తుంది. 1973లో వచ్చిన వీ8 మోడల్ కోసం చేసిన, లోపల ఉక్కు గొట్టం ఉన్న రబ్బరు బుష్ ఈ రెండింటికీ మధ్యస్థం. దాని నట్లను కారు బరువు చక్రాల మీద పడిన తరువాతే పూర్తిగా బిగించాలి. గాలిలో బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి చిరిగిపోతుంది.

1974 చివర నుంచి వచ్చిన రబ్బరు బంపర్ కార్ల వారికి ఈ పోలికంతా రెండో మాట. అమెరికా నిబంధనల కోసం వాటి ఎత్తు పెంచారు, రోడ్‌స్టర్‌కు ముందు యాంటీ-రోల్ బారు (మలుపులో ఒరుగుడును తగ్గించే కడ్డీ) తీసేశారు. 1977 మోడల్ నుంచి ముందూ వెనకా బార్లు ఇచ్చాక గానీ ఒరుగుడు తగ్గలేదు. ఆ మధ్య కాలపు కారు ఉన్నవారు షాక్‌ల కంటే ముందు ఆ బారు కొనుక్కోవాలి. నా కారుకు రెండు కొత్త కింగ్‌పిన్‌లు, పునర్నిర్మించిన లివర్లు పడ్డాయి. 55 దగ్గర ఇప్పుడు స్టీరింగు కదలదు, టెలిస్కోపిక్ కిట్టు అట్టపెట్టెలో ఉంది, కావలసినవారు వచ్చి తీసుకెళ్లవచ్చు.