ఫాల్ వంటగదికి పాత సామాను: జాడీయా, పోత ఇనుమా, రాగా, ఎనామిలా – ఏది మేలు?

అమెరికాలో ఫాల్ అని పిలిచే శరదృతువు మొదలయ్యే సెప్టెంబరు రాగానే దుకాణాల ముందు గుమ్మడికాయల గుట్టలు, చామంతి కుండీలు వచ్చి చేరతాయి. నవంబరు నాలుగో గురువారం నాటి థ్యాంక్స్‌గివింగ్ విందు ముగిసే దాకా ఇళ్లలో అదే శోభ కొనసాగుతుంది. మన బతుకమ్మ, దసరా, అట్లతద్ది, దీపావళి దాదాపుగా ఈ వారాల్లోనే వస్తాయి కనుక అక్కడి తెలుగు ఇళ్లలో వంటగదిని ముస్తాబు చేసుకోవడానికి ఒకటికి రెండు కారణాలున్నాయి. ఈ అలంకరణలో ఎక్కువమంది ఇష్టపడేది పల్లెటూరి ఫామ్‌హౌస్ తీరు: మెరుగు పెట్టని చెక్క అరలు, వాటి మీద వాడకంలో నలిగిన పాత్రలు, బుట్టెడు యాపిళ్లు. ఆ నలుగుడును కొత్త వస్తువుల మీద యంత్రంతో గీకి అమ్మే దుకాణాలు కూడా ఉన్నాయి గాని, అసలైన పాత వస్తువు థ్రిఫ్ట్ దుకాణంలోనో (వాడిన వస్తువులు అమ్మే చోటు) ఎస్టేట్ సేల్‌లోనో (ఒక ఇంటి సామానంతా అమ్మకానికి పెట్టడం) తరచూ అంతకన్నా తక్కువకే దొరుకుతున్నప్పుడు నకలుకు డబ్బు పోయడంలో అర్థం లేదు.

అయితే పాతదల్లా మంచిది కాదు. జాడీలు, పోత ఇనుప పెనాలు, ఎనామిల్ గిన్నెలు, రాగి పాత్రలు అనే నాలుగు రకాలు అరల మీద ఎక్కువగా కనిపిస్తాయి. వీటిని తూచడానికి మూడు ప్రశ్నలు చాలు. ఆ వస్తువు శరదృతువు రంగుల్లో ఇముడుతుందా, తినే పదార్థం తగిలితే హాని ఉందా, డిసెంబరు వచ్చాక దానితో ఏం చేస్తాం? మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయేవారు ఎక్కువ. నా దృష్టిలో మూడోదే అసలు ప్రశ్న, ఎందుకంటే పది పన్నెండు వారాల అలంకరణ కోసం కొన్న సామాను మిగిలిన ఏడాదంతా అటక మీద చోటు తింటుంది.

ఆ లెక్కన ముందుగా చెప్పవలసింది జాడీ గురించి. అక్కడ క్రాక్ అని పిలిచే స్టోన్‌వేర్ (ఎక్కువ వేడిలో కాల్చిన గట్టి మట్టి) జాడీకి, మన ఆవకాయ జాడీకి పనిలోనూ రూపంలోనూ దగ్గరి పోలికలున్నాయి. క్యాబేజీని ఉప్పులో ఊరవేయడానికి, వెన్న దాచడానికి, మాంసం నిలవ చేయడానికి పొలాల ఇళ్లలో వీటినే వాడారు. ఒంటి మీద నీలం రంగులోనో నలుపులోనో ఉండే అంకె ఆ జాడీ ఎన్ని గాలన్లు పడుతుందో చెబుతుంది. 5 అని ఉంటే సుమారు 19 లీటర్లన్న మాట. మిన్నెసోటాలోని రెడ్ వింగ్ పట్టణంలో తయారైన చాలా జాడీల మీద ఎర్ర రెక్క ముద్ర ఉంటుంది, ఆ ముద్రకు సేకర్తలలో గిరాకీ ఎక్కువ. అక్కడి పాత కుమ్మరి కర్మాగారం 1967లో మూతపడింది. ఆ ముద్రతో తరువాత చేసిన కొత్త జాడీలు కూడా బజారులో ఉన్నాయి గనుక, రెక్కను చూసి మురిసిపోయి పాత వస్తువు ధర ఇచ్చేయకూడదు. అసలు అలంకరణకు ముద్రతో పని లేదు. ముద్ర లేని రెండు గాలన్ల జాడీ తక్కువ ధరకు దొరుకుతుంది, అర మీద అంతే హుందాగా నిలుస్తుంది.

కొనేముందు జాడీని వేలి కణుపుతో తట్టి చూడాలి. గంటలా ఖంగుమంటే గట్టిదని, మొద్దుగా మోగితే ఎక్కడో బీట ఉందని అర్థం. బీట ఉన్నంత మాత్రాన అది పనికిరానిది కాదు, గరిటెలు నిలబెట్టడానికో ఎండిన మొక్కజొన్న కంకులు పెట్టడానికో నిక్షేపంగా పనికొస్తుంది. బేరం ఆడడానికి ఒక కారణం కూడా దొరుకుతుంది. ఊరగాయ పెట్టాలనుకుంటే మాత్రం సంగతి వేరు. స్టోన్‌వేర్‌ను దాదాపు 1200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు, ఉప్పుతో వచ్చే గాజులాంటి పూతకు, అంటే ఉప్పు మెరుగుకు, విషలోహమైన సీసం అక్కరలేదు. అయినా పాత జాడీ ఎక్కడిదో, దాని మీది మెరుగు ఏమిటో తెలియనప్పుడు సీసం పరీక్ష చేయించకుండా అందులో మామిడికాయ, నిమ్మకాయ పెట్టడం తెలివైన పని కాదు. స్టోన్‌వేర్ కన్నా తక్కువ వేడిలో కాల్చిన ఎర్రమట్టి పాత్రల మీద పాతకాలంలో సీసపు మెరుగే పూసేవారు. అవి చూడముచ్చటగా ఉంటాయి, ఇటుక రంగులో శరదృతువుకు అచ్చంగా సరిపోతాయి, కాని వాటిలోకి తిండి వెళ్లకూడదు.

జాడీకి ఇంకొక ప్రయోజనం చామంతులకు సంబంధించినది. అక్కడ మమ్స్ అన్న పేరుతో ఊరూరా అమ్మే పూలు మన చామంతులే, తంగేడు దొరకని చోట బతుకమ్మలోకి అవే ఎక్కుతాయి. పేర్చగా మిగిలిన కుండీలను మూడు గాలన్ల జాడీలో దింపితే వంటగది మూలకు వేరే అలంకారం అక్కరలేదు. జాడీ అడుగున చిల్లు ఉండదు కనుక ప్లాస్టిక్ కుండీని తీయకుండా, దాని కింద బోర్లించిన సాసరు ఒకటి పెట్టాలి. నీరు నిలిచి వేళ్లు కుళ్లకుండా ఉంటాయి. చిల్లు పెడదామని డ్రిల్లు ఎత్తితే ఆ జాడీ విలువ ఆ క్షణమే పోతుంది. పండుగలు అయ్యాక అదే జాడీ గరిటెలకో, పిండి డబ్బా బదులుగానో ఉంటుంది, అటక ఎక్కవలసిన అవసరం రాదు.

రెండో స్థానం పోత ఇనుముది. కొందరికి ఇదే మొదటిది కావచ్చు, దోసెలు వేసే ఇంట్లో ఆ వాదనకు బలం ఉంది. పెన్సిల్వేనియాలోని ఎరీ నగరంలో చేసిన గ్రిస్‌వోల్డ్ పెనాలు, ఒహాయోలోని సిడ్నీలో చేసిన వాగ్నర్ పెనాలు నేటి చాలా పెనాలకన్నా తేలికగా ఉంటాయి, పోత పోశాక లోపలి తలాన్ని అరగదీసి నునుపు చేసేవారు. ఇప్పటి పెనాల మీద తగిలే గరుకు వాటి మీద ఉండదు. వెనక ఉన్న అంకె అంగుళాలు కాదు, పాతకాలపు పొయ్యి కన్నుల కొలత. 8 అని ఉన్న పెనం అడ్డం సుమారు పదిన్నర అంగుళాలు ఉంటుంది. అంచు లేచిన స్కిల్లెట్ కన్నా అంచు తక్కువగా ఉన్న గుండ్రటి గ్రిడిల్ మన అట్లకు నప్పుతుంది. అట్లతద్ది వచ్చేది అక్టోబరు ప్రాంతంలోనే కనుక, గోడకు వేలాడుతున్న అలంకారం ఆ రోజు పొయ్యి మీదికి దిగితే దానికన్నా సార్థకత ఏముంటుంది?

తుప్పుకు భయపడనక్కరలేదు. సగం వెనిగర్, సగం నీళ్లలో కాసేపు నానబెట్టి, గమనిస్తూ ఉండి, తుప్పు వదలగానే తోమి, ఆరబెట్టి, పలుచగా నూనె రాసి, 230 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో గంటసేపు బోర్లించి ఉంచితే కొత్త పూత మొదలవుతుంది. భయపడవలసినవి వేరే ఉన్నాయి. చదునైన బల్ల మీద పెడితే గిరగిరా తిరిగే పెనం వంగిపోయినది, గాజు పొయ్యి మీద అది సరిగా కూర్చోదు. మరీ ముఖ్యంగా, వేటగాళ్లు, చేపలు పట్టేవారు తూటాలకు, గాలపు బరువులకు సీసాన్ని కరిగించడానికి పోత ఇనుప పాత్రలను వాడుకున్న సందర్భాలున్నాయి. అలాంటిదని అనుమానం వస్తే కడిగి వాడుకుందామని చూడక, గోడకే పరిమితం చేయాలి. అలంకరణ పరంగా ఇనుముకు ఒక లోపం ఉంది. నల్లని పెనాలు వరసగా నాలుగు వేలాడితే వంటగది చీకటిగా కనిపిస్తుంది. పక్కన పసుపు, నారింజ రంగులు ఉండి తీరాలి, కాని చిన్న గుమ్మడికాయను పెనంలోనే కూర్చోబెట్టడం ఫొటోకు బాగుంటుందే గాని, కాయ కింద చేరిన తడికి వారంలో తుప్పు వలయం పడుతుంది.

ఎనామిల్ గురించి నా అభిప్రాయం కొంత కఠినమైనదే. ఇనుప రేకు మీద గాజు పూత వేసిన ఈ గిన్నెలు 19వ శతాబ్ది చివరిలో అమెరికా వంటిళ్లను ముంచెత్తాయి. ఇల్లినాయిలోని గ్రానైట్ సిటీ అనే ఊరికి ఆ పేరు వచ్చింది కూడా అక్కడ చేసిన గ్రానైట్‌వేర్ (చుక్కల ఎనామిల్ సామాను) వల్లే. బూడిద, నీలం చుక్కల కెటిళ్లు, బకెట్లు చవకగా, తేలికగా ఉంటాయి. ఎత్తైన అర మీద పెట్టడానికి బరువైన జాడీకన్నా ఇవే నయం. చిక్కు ఏమిటంటే, శరదృతువుకు బాగా కుదిరే ఎరుపు, నారింజ, పసుపు రంగుల్లోనే కాడ్మియం అనే విషలోహం ఉండే అవకాశం ఎక్కువ, పాత పూతల్లో సీసం ఉండడమూ కద్దు. పెచ్చు లేచిన గిన్నెలో చింతపండు పులుసు కాస్తే ఏం దిగుతుందో చెప్పలేం. కాబట్టి ఎండు పూలు, ఉల్లిపాయలు, తువ్వాళ్లు పెట్టుకోవడానికి కొనవచ్చు. డిసెంబరులో దీనికి చేయదగిన పని అంతగా ఉండదు.

రాగి సంగతి వేరు. సాయంత్రం దీపం వెలుగులో దాని అందానికి ఈ నాలుగింటిలో ఏదీ సాటిరాదు, ఆ విషయంలో వాదన లేదు. థ్రిఫ్ట్ దుకాణాల్లో ఎక్కువగా కనిపించే చేప, ద్రాక్షగుత్తి ఆకారపు రాగి అచ్చులు చాలావరకు గోడ అలంకారానికి చేసిన పలుచని రేకులు. వాటి మీద లక్క లాంటి పారదర్శకమైన పూత ఉంటే, మన అలవాటు కొద్దీ చింతపండు పట్టించి తోమినా పూత ఉన్న చోట మెరుగు రాదు, ఊడిన చోట మాత్రం తళతళలాడి మచ్చలు మచ్చలుగా తయారవుతుంది. నిజంగా వండే రాగి పాత్ర దళసరిగా ఉంటుంది, లోపల తగరపు కళాయి ఉంటుంది. తగరం 232 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది కనుక ఖాళీ పాత్రను మంట మీద మరచిపోకూడదు. కళాయి పోయి రాగి బయటపడితే పులుపు తగిలే వంటలేవీ అందులో చేయకూడదు. మళ్లీ కళాయి వేసేవారు అమెరికాలో తక్కువ, పాత్ర కొన్న ధరకన్నా కళాయికే ఎక్కువ అడగవచ్చు. గోడకు ఒకటో రెండో అచ్చులు చాలు.

చేతిలో డబ్బు మరీ తక్కువగా ఉన్నవారు ఈ నాలుగింటినీ పక్కన పెట్టి పాత గాజు సీసాలు కొనవచ్చు. ఇండియానాలోని మన్సీలో చేసిన లేత నీలం బాల్ కంపెనీ సీసాలలో కందిపప్పు, ఎండుమిరప, పసుపు కొమ్ములు పోసి వరసగా పెడితే అవే శరదృతువు రంగులు. కొన్ని సీసాల మీద 1858 నవంబరు 30 అని పోతపోసి ఉంటుంది, దాన్ని చూపి అంత పాతదని చెప్పే అమ్మకందారులు ఉంటారు. అది మూత మర పేటెంటు తేదీ మాత్రమే, సీసా తయారైన తేదీ కాదు. పెచ్చులూడే రంగుల పాత చెక్కపెట్టెల జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఇళ్లకు వేసే సీసపు రంగులను అమెరికాలో 1978లో నిషేధించారు, అంతకు ముందటి రంగు పొడి వంటగదిలో రాలకూడదు.

ఎక్కడ కొనాలన్నది ఏం కొంటున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. జాడీ కోసమైతే ఎస్టేట్ సేల్‌కు మొదటి రోజు ఉదయమే వెళ్లాలి, రెండో రోజుకు మంచివి మిగలవు. సీసాలు, బుట్టలు, ఎనామిల్ కోసం చివరి రోజు సాయంత్రం దాకా ఆగవచ్చు, చాలాచోట్ల అప్పటికి సగం ధరకు దించుతారు. గ్రిస్‌వోల్డ్ లాంటి పేరున్న పెనం కావాలంటే ధర కాస్త ఎక్కువైనా పాతవస్తువుల మాల్‌లో కొనడం మేలు, అక్కడ బల్ల మీద పెట్టి ఊగుతుందో లేదో చూసుకోనిస్తారు. మసాచుసెట్స్‌లోని బ్రిమ్‌ఫీల్డ్ పాతవస్తువుల సంతకు ఏడాదికి మూడు విడతలు, మే, జూలై, సెప్టెంబరు. జాడీకోసం అక్కడికి వెళ్లేవారు శరదృతువు గిరాకీ మొదలయ్యే సెప్టెంబరు విడతకన్నా మేలోనే వెళ్లడం లాభం.