కంప్యూటర్‌కు ఇంటెల్ ప్రాసెసర్ కొనాలంటే పెంటియం జీ7400 తీసుకోవాలా, కోర్ ఐ3-12100ఎఫ్ తీసుకోవాలా?

రెండూ 2022 జనవరిలో వచ్చినవే. రెండూ ఎల్‌జీఏ1700 సాకెట్టే (ప్రాసెసర్ కూర్చునే చోటు), కాబట్టి ఒకే హెచ్610 మదర్‌బోర్డులో ఏదైనా కూర్చుంటుంది. పెంటియంలో 2 కోర్లు (అసలు పని చేసే భాగాలు), 4 థ్రెడ్లు (ఒకేసారి చేపట్టగల పనులు), 6 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ). ఐ3లో 4 కోర్లు, 8 థ్రెడ్లు, 12 ఎంబీ. డబ్బా మీద పెంటియం 3.7 గిగాహెర్ట్జ్, ఐ3 3.3 అని చూసి మొదటిదే వేగం అనుకుంటారు. పెంటియంకి టర్బో, అంటే అవసరమైనప్పుడు వేగం పెంచుకునే సదుపాయం, లేదు, 3.7 దగ్గరే ఆగుతుంది. ఐ3 మాత్రం 4.3 దాకా వెళ్తుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టి గేములు ఆడే ఉద్దేశం ఉంటే ఐ3 తీసుకోండి, ఇందులో తటపటాయింపు అక్కర్లేదు.

యూట్యూబ్ బెంచ్‌మార్కులు చూస్తే తేడా అంతలా కనిపించకపోవచ్చు. అక్కడ చూపించేది సగటు ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు తెర మీదకు వచ్చే ఫ్రేముల (బొమ్మల) లెక్క. ఆటను పాడుచేసేది సగటు కాదు, మధ్యమధ్యలో పడే కుదుపు. 60 ఎఫ్‌పీఎస్ నిలబడాలంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లలో తయారవ్వాలి. ఆ కాస్త సమయంలోనే గేము మెయిన్ థ్రెడ్, గ్రాఫిక్స్ డ్రైవర్, సౌండు, డిస్కు నుంచి వచ్చే టెక్స్చర్లు (వస్తువుల పైపూత బొమ్మలు) విప్పడం, షేడర్ కంపైలేషన్ (వెలుగునీడలు గీసే చిన్న ప్రోగ్రాములను కార్డుకు సిద్ధం చేయడం), వెనకాల డిస్కార్డ్ చాట్ యాప్, మోసాల్ని పట్టే యాంటీ-చీట్ అన్నీ ప్రాసెసర్ కోసం పోటీపడతాయి. టిఫిన్ సెంటర్లో టోకెన్లు కొట్టేవాడే దోసెలూ వేయాల్సి వస్తే లైను ఎక్కడికక్కడ ఆగుతుంది కదా, ఇదీ అంతే. రెండు కోర్లకు నాలుగు థ్రెడ్లంటే నలుగురు వంటవాళ్లు కాదు, ఇద్దరు వంటవాళ్ల ముందు తలా రెండు పెనాలు. అందుకే ఆటలో బండి మీద ఊరి మధ్యకు దూసుకెళ్లినప్పుడు, కొత్త ఏరియా లోడయినప్పుడు బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుంటుంది. ఒక్కో ఫ్రేముకు పట్టిన సమయం చూపే ఫ్రేమ్‌టైమ్ గ్రాఫులో ఇవి నిటారుగా లేచే గీతలుగా కనిపిస్తాయి. రివ్యూల్లో '1% లో (low)' అంకె, అంటే అన్నిటికన్నా నెమ్మదైన 1 శాతం ఫ్రేముల వేగం, చూడాలనేది ఇందుకే.

గేముల వాళ్లు అడిగేది కూడా మారింది. 2014లో ఫార్ క్రై 4 వచ్చినప్పుడు రెండే థ్రెడ్లున్న పెంటియం జీ3258 మీద అసలు తెరుచుకోలేదు. 2015 నాటి జీటీఏ 5 పీసీ వెర్షన్‌కు కనీస ఇంటెల్ ప్రాసెసరే కోర్ 2 క్వాడ్ క్యూ6600. కౌంటర్-స్ట్రైక్ 2 కనీసం 4 థ్రెడ్లు కావాలంటుంది, పెంటియం అక్కడ సరిగ్గా గీత మీద నిలబడుతుంది. సైబర్‌పంక్ 2077 కనీస అవసరాల్లో ఇప్పుడున్నది ఐ7-6700, అంటే 4 కోర్లు, 8 థ్రెడ్లు.

అలాగని కోర్ల లెక్క ఒక్కటే చూసినా మోసపోతారు. పాత క్యూ6600లో నాలుగు కోర్లున్నా ఇవాళ్టి జీ7400 దాన్ని తేలిగ్గా దాటేస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఐ7-7500యూ అని స్టిక్కరు ఉంటుంది, లోపలున్నవి రెండే కోర్లు. సెకండ్ హ్యాండ్ ఐ3-8100 మంచి చిప్పే, 4 కోర్లు. కానీ హెచ్110, బీ250 బోర్డుల్లో చక్కగా కూర్చుంటుంది, ఆన్ మాత్రం అవదు. దానికి 300 సిరీస్ బోర్డే కావాలి. హెచ్110 మీద పాత పెంటియం జీ4560 నడుపుతున్నవాళ్లు ఐ5-6500 గానీ ఐ7-6700 గానీ వెతుక్కోవాలి. అవి విండోస్ 11 అధికారిక జాబితాలో లేవన్నది గుర్తుంచుకుని బేరమాడండి.

ఇప్పుడున్న ప్రాసెసరే అడ్డమా అని తేల్చుకోవడం సులువు. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాము, దానితో వచ్చే రివాట్యూనర్ పెట్టి జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు చిప్) వాడకం, ఒక్కో థ్రెడ్ వాడకం, ఫ్రేమ్‌టైమ్ స్క్రీన్ మీదకు తెచ్చుకోండి. థ్రెడ్లన్నీ 95 శాతం దాటి, జీపీయూ 60-70 శాతంలోనే ఉంటే ఇరుకు ప్రాసెసర్‌దే. అనుమానముంటే రిజల్యూషన్ 720పీకి దించండి. ఎఫ్‌పీఎస్ పెరగకపోతే ఖాయం.

పెంటియంకి ఒక్క మేలుంది: యూహెచ్‌డీ 710 గ్రాఫిక్స్ లోపలే ఉన్నాయి. కార్డు తర్వాత కొందాంలే అనుకునేవాళ్లకు ఆఫీసు పని, సినిమాలు, తేలికపాటి పాత గేములు నడుస్తాయి. ఐ3 పేరు చివరి 'ఎఫ్' అంటే గ్రాఫిక్స్ లేవని. మానిటర్ కేబుల్ బోర్డు హెచ్‌డీఎంఐకి పెడితే నల్ల తెరే వస్తుంది, షాపుకు వెనక్కి మోసుకెళ్లే ముందు కేబుల్ కార్డుకు మార్చి చూడండి. కార్డు లేకుండా కొన్నాళ్లు గడపాలంటే 'ఎఫ్' లేని ఐ3-12100 అడగండి. బోర్డు కొనేటప్పుడు డీడీఆర్4దా, డీడీఆర్5దా చూసుకుని దానికి తగ్గ ర్యామే తీసుకోండి, ఒకటి ఇంకోదాంట్లో పట్టదు.

పెంటియం ఇప్పటికే కొనేసినవాళ్లు రివాట్యూనర్‌లో ఎఫ్‌పీఎస్‌ను 60కి, అది నిలవకపోతే 45కి కట్టేయండి. జనసాంద్రత, షాడో దూరం, వ్యూ డిస్టెన్స్ తగ్గించండి. టెక్స్చర్లు తగ్గించనక్కర్లేదు, అవి ఎక్కువగా కార్డు మెమరీ మీద పడే బరువు. ఒకే 8 జీబీ ర్యామ్ ఉంటే, బోర్డులో రెండో స్లాట్ ఖాళీగా ఉంటే ఇంకో 8 జీబీ పెట్టండి. బ్రౌజర్ మూసేయండి. తర్వాత డబ్బు కుదిరినప్పుడు బోర్డు మార్చకుండా అదే సాకెట్లో 6 కోర్ల ఐ5-12400ఎఫ్ పెట్టుకోవచ్చు.